పార్కుల్లో కూర్చున్నచోటే ఎగురుతున్నట్టు అనిపించే విహార సిమ్యులేటర్లలో ఒక్కొక్కరి కళ్లకు వీఆర్ (కల్పిత దృశ్యాన్ని కళ్ల ముందే చూపే) హెడ్‌సెట్ కావాలా, అందరికీ ఒకే పెద్ద తెర చాలా?

గగనయాత్రి:
ఎగిరే అనుభూతినిచ్చే డిస్నీ వారి విహారం 'సోరిన్' 2001లో కాలిఫోర్నియాలో మొదలైంది. ఒక్కో విడతలో 87 మంది కాళ్లు వేలాడుతుండగా దాదాపు 80 అడుగుల గుమ్మటం తెర ముందుకు లేస్తారు. నారింజ తోటల మీదుగా వెళ్లేటప్పుడు ఆ వాసన కూడా తగులుతుంది. అయితే 2016లో వచ్చిన ప్రపంచయాత్ర రూపంలో, పక్క సీట్లవారికి ఐఫిల్ టవర్ వంగిపోయి కనిపిస్తుంది. వంపు తెర మీది బొమ్మ ఒక్క చోటి నుంచి చూస్తేనే నిటారుగా ఉంటుంది కనుక, ప్రొజెక్టర్‌ను ఎంత మెరుగుపరచినా ఈ లోపం పోదు. ప్రతి కంటికీ విడిగా బొమ్మ గీసే హెడ్‌సెట్టే దీనికి సరైన మందు అని నా వాదన.

యంత్రశిల్పి:
గగనయాత్రి గారూ, వంపు గురించి మీరన్నది నిజమే. కానీ ఎగురుతున్నామన్న నమ్మకంలో కంటికి ఎంత వాటా ఉందో కదలికను, వాలును పసిగట్టే లోపలి చెవికీ అంతే ఉంది. సిమ్యులేటర్ వేదిక నిజంగా దూసుకుపోలేదు, కొద్ది దూరమే కదలగలదు. అందుకే వేగం పుంజుకునే దృశ్యం రాగానే సీటును వెనక్కి వాలుస్తారు. వీపు మీద పడే సొంత బరువునే మెదడు వేగం పెరిగినట్టుగా లెక్కకట్టుకుంటుంది. ఆ తర్వాత మనం పసిగట్టలేనంత మెల్లగా సీటును యథాస్థితికి తెస్తారు. పైలట్ల శిక్షణ యంత్రాల నుంచి 1987లో డిస్నీ వారి అంతరిక్ష విహారం 'స్టార్ టూర్స్' అరువు తెచ్చుకున్న ఈ ఉపాయమంటే నాకు ఇప్పటికీ ఎంతో గౌరవం. హెడ్‌సెట్‌తో చిక్కు ఇక్కడే వస్తుంది. సీటు వాలిందా, మనిషి తల ఎత్తాడా అన్నది దానిలోని సెన్సర్లు తమంతట తాము తేల్చుకోలేవు. వేదిక కదలికను ఎప్పటికప్పుడు లెక్కలోంచి తీసివేయాలి, అందులో రవ్వంత ఆలస్యమైనా కడుపులో తిప్పుతుంది. ఇంగ్లండ్‌లోని ఆల్టన్ టవర్స్ పార్కు 2016లో ఒక రోలర్ కోస్టర్‌కు హెడ్‌సెట్లు చేర్చి, కొన్నేళ్లకే తొలగించింది.

ప్రేక్షకురాలు:
ఒక పార్కులో మా అమ్మ కళ్లద్దాల మీద హెడ్‌సెట్ సరిగ్గా కూర్చోలేదు. దృశ్యం మసకబారినందుకు కాదు, పక్కనే ఉన్న మనవరాలి ముఖం చూడలేకపోయానని ఆమె బాధపడింది.

గగనయాత్రి:
అమ్మగారి మాట నన్ను ఆలోచింపజేసింది. అయినా టవర్ వంపు మాటేమిటి, యంత్రశిల్పి గారూ?

యంత్రశిల్పి:
తెర ముందు మనుషులను తగ్గించాలి. డిస్నీ వారి 2019 నాటి అంతరిక్ష నౌక విహారం 'స్మగ్లర్స్ రన్'లో ఒక క్యాబిన్‌కు ఆరుగురే కూర్చుంటారు. ఇద్దరు నడుపుతారు, ఇద్దరు తుపాకులు పేలుస్తారు, ఇద్దరు మరమ్మతు చూస్తారు. దృశ్యాన్ని ముందే చిత్రీకరించి పెట్టకుండా, వీడియో గేమ్‌ల దృశ్యాలు గీసే సాఫ్ట్‌వేర్ అన్‌రియల్ ఇంజిన్ అప్పటికప్పుడు గీస్తుంది కనుక, పైలట్ తడబడితే తెర మీది నౌక నిజంగానే గోడకు తగులుతుంది. పక్కవారు అరిచే అరుపూ, వారి ముఖమూ చెక్కుచెదరవు. డిస్నీ వారిదే అయిన 2017 నాటి 'ఫ్లైట్ ఆఫ్ పాసేజ్' విహారంలోనైతే ఒక్కొక్కరికీ విడి సీటు ఉంటుంది, కింద ఉన్న ఎగిరే జంతువు ఊపిరి తీస్తున్నట్టు తొడలకు తెలుస్తుంది. తేలికపాటి త్రీడీ అద్దాలతోనే అది సాధ్యమైంది.

గగనయాత్రి:
87 మంది స్థానంలో ఆరుగురంటే, అన్ని క్యాబిన్లు కట్టే స్తోమత చిన్న పార్కుకు ఉండదు. హెడ్‌సెట్ మీద నా ఆశ అక్కడి వరకైనా నిలుస్తుంది.