లాకు అంటే తూమేనా?

ప్రశ్న (గాజువాక నుంచి): మా అత్తవారిది దుగ్గిరాల దగ్గర. అక్కడ "లాకులు ఎత్తారు, నీళ్లు వస్తున్నాయి" అంటారు. ఇక్కడ ఏలేరు కాలువ మీద తూము, షట్టరు అనే మాటలే విన్నాను. రెండూ ఒకటేనా? లాకు 'లాగు' నుంచి వచ్చిందా?

జవాబు: 'లాగు'తో సంబంధం లేదండి. ఇంగ్లీషు 'లాక్' మన ఉకారంతో లాకు అయింది. తూము నీటిని వదలడానికి, లాకు పడవను దాటించడానికి. కాలువ మట్టం ఒక్కసారిగా దిగే చోట ఎగువన, దిగువన తలుపులు పెట్టి నడుమ గది కడతారు. పడవ గదిలోకి రాగానే వెనక తలుపులు మూసి, నీటిని దిగువ మట్టానికి దించి, ముందు తలుపులు తెరుస్తారు. ఎదురు వచ్చే పడవకైతే గదిని నింపుతారు. పక్కనే నీటిని వదిలే షట్టర్లు కూడా ఉంటాయి కాబట్టి అన్నీ కలిపి లాకులయ్యాయి. పడవలు పోయాక అసలు అర్థమే మరుగున పడుతోంది. నిఘంటువులో 'నీటి తలుపు' అని రాసి వదిలేస్తే ఒక జలరహదారి చరిత్రే పోతుంది.

ఆ దారి ఎంత పొడవో చూడండి. కాకినాడ నుంచి ధవళేశ్వరం. గోదావరి దాటి విజ్జేశ్వరం, అక్కడి నుంచి ఏలూరు కాలువలో విజయవాడ. కృష్ణ దాటి సీతానగరం, దుగ్గిరాల మీదుగా కొమ్మమూరు కాలువలో పెదగంజాం. ఆపైన సముద్రం వెంబడే బకింగ్‌హాం కాలువ, చెన్నై మీదుగా తమిళనాడులోని మరక్కాణం దాకా. చెన్నై, ఎన్నూరుల మధ్య 1806లో బ్రిటిష్ వ్యాపారి బాసిల్ కొక్రేన్ మొదలుపెట్టిన తవ్వకమే దీనికి తొలి ముక్క. 1876-78 కరవులో కూలి కోసం వచ్చిన జనం చెన్నైలో అడయారు, కూవం నదులను కలిపే కాలువ తవ్వారు. పేరు మాత్రం అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూకుది. తవ్విన చేతులకు ఆ పేరులో చోటు దక్కలేదన్నది నా బాధ.

మరో సభ్యురాలు (మధురవాడ): మరి విశాఖకు ఆ దారి ఎందుకు రాలేదు మాస్టారూ?

జవాబు: అది డెల్టా కాలువలను కలుపుకుంటూ పోయిన దారి అమ్మా, ఉత్తరాన కాకినాడతో ఆగింది. మన ఏలేరు కాలువ ఉక్కు కర్మాగారానికి, నగరానికి నీళ్లు తెచ్చేది, పడవలది కాదు. అందుకే ఇక్కడ లాకు మాట వినిపించదు.

డెల్టాలో పెద్దలున్నవారు ఒక్కటి అడిగి రాయండి: గట్టు మీద నడుస్తూ పడవను లాగే తాడును, ఆ నడకదారిని ఏమనేవారు?