చర్చ: పాత బిల్లులు తీర్చే వరకు కొత్త నగదు పథకాలు ఆపాలా?

పటమట పౌరుడు, విజయవాడ

ఆపాలనే నా అభిప్రాయం. ఏ పార్టీ మీదా కోపంతో అనడం లేదు, లెక్క చూసి అంటున్నాను.

2025-26కి ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్ గారు పెట్టిన ఆంధ్రప్రదేశ్ బడ్జెట్ 3.22 లక్షల కోట్లు. అందులో ద్రవ్యలోటు, అంటే అప్పు తెచ్చి పూడ్చాల్సింది, దాదాపు 79,900 కోట్లు. అందులో రెవెన్యూ లోటు, అంటే రోజువారీ ఖర్చులు రాబడిని మించిపోయింది, 33,000 కోట్ల పైమాటే. అంటే తెచ్చే ప్రతి వంద రూపాయల అప్పులో నలభై ఒక్క రూపాయి జీతాలకు, వడ్డీలకు, పథకాలకే అయిపోతుంది. వెనక ఆస్తి ఏదీ మిగలదు. ఇల్లు కట్టుకోడానికి లోను తీసుకుంటే ఎవరూ తప్పుపట్టరు. నెలనెలా కిరాణా కొట్టు బాకీ తీర్చడానికి లోను తీసుకుంటే ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకుంటారా?

ఇది ఈ ప్రభుత్వంతో మొదలైంది కాదు. 2022లో బేవరేజెస్ కార్పొరేషన్ బాండ్లు అమ్మి 8,000 కోట్ల పైన తెచ్చారు. ముందు ముందు రావాల్సిన మద్యం ఆదాయాన్ని అప్పుడే వాడేశారు. 2024 జులైలో చంద్రబాబు గారు శ్వేతపత్రం పెట్టి, అప్పులూ బకాయిలూ కలిపి 9.74 లక్షల కోట్లన్నారు. వైఎస్సార్‌సీపీ ఆ అంకె ఒప్పుకోలేదు. ఎవరి అంకె నిజమైనా, ఖజానా ఖాళీ అని చెప్పిన ప్రభుత్వమే మరుసటి ఏడాది బడి పిల్లల తల్లులకు తల్లికి వందనం, రైతులకు అన్నదాత సుఖీభవ, ఆడవాళ్లకు ఫ్రీ బస్సు ఇచ్చే స్త్రీశక్తి వరసపెట్టి మొదలుపెట్టింది.

పింఛన్లు తగ్గించమని నేను అనను. నాలుగు వేలతోనే నెల గడిపే ముసలివాళ్లు మా వీధిలోనే ఉన్నారు. రెవెన్యూ లోటు పూడే వరకు కొత్త నగదు పథకం వద్దు, ఈలోగా ఇవ్వాల్సిన బాకీలు ఇవ్వండి అంటున్నాను. 2025 అక్టోబరులో బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు పేదలకు ఉచితంగా చేసే ఎన్టీఆర్ వైద్యసేవ ఆపేశాయి. కార్డు చేతిలో ఉండి కూడా వైద్యం అందకపోతే ఆ పథకం ఉన్నట్టా, లేనట్టా?

బ్రాడీపేట మాస్టారు, గుంటూరు

పౌరుడు గారూ, లోటు లోటు అంటున్నారు, ఆ లోటు ఎక్కడిదో కూడా చెప్పండి. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఆదాయం తెచ్చే హైదరాబాద్ అటు పోయింది. రెవెన్యూ లోటు ఉంటుందని ఆర్థిక సంఘాలే ఒప్పుకుని గ్రాంటు ఇచ్చాయి. దాన్నంతా పేదవాడి పథకాల మీదికి తోసేయడం న్యాయం కాదు.

ఇంకో సంగతి. విశాఖలో టీసీఎస్‌కి 21 ఎకరాల పైన భూమి 99 పైసలకు ఇచ్చారు. కంపెనీకి ఇస్తే ప్రోత్సాహకం, తల్లి ఖాతాలో వేస్తే దుబారా అవుతుందా? అమరావతి కోసం ప్రపంచ బ్యాంకు, ఏడీబీ (ఆసియా అభివృద్ధి బ్యాంకు)ల నుంచి దాదాపు 13,600 కోట్లు, కేంద్ర సంస్థ హడ్కో నుంచి 11,000 కోట్లు తెస్తున్నారు. అది అప్పు కాదా?

అర్హత వడపోత అని మీరు ఇంకా అనలేదు గానీ, తర్వాత మాట అదే అవుతుందని నాకు తెలుసు. 2025 ఆగస్టులో దివ్యాంగుల పింఛన్ల పునఃపరిశీలన పేరుతో నోటీసులు ఇచ్చారు. మంచం దిగలేనివాళ్ల బంధువులు సర్టిఫికెట్లు పట్టుకుని ఆసుపత్రుల చుట్టూ తిరిగారు. గొడవయ్యాక అప్పీలు పెట్టుకోమన్నారు. వడపోత మొదలైతే ముందు నలిగేది నోరులేనివాళ్లే.

పటమట పౌరుడు

మాస్టారూ, టీసీఎస్ భూమి విషయంలో మీతో నాకు పేచీ లేదు. అలా వదులుకున్న ఆదాయం ఎంతో బడ్జెట్ పుస్తకంలో పథకాల పక్కనే అచ్చువెయ్యాలి. అమరావతి అప్పు మాత్రం వేరు. అక్కడ రోడ్డు, వరద కాలువ, కరెంటు లైను మిగులుతాయి. అది కూడా విడతలుగా జరగాలని కోరుకుంటాను. భూములిచ్చిన రైతులు 2015 నుంచి ఎదురుచూస్తున్నారు, ముందు వాళ్ల ప్లాట్లకు రోడ్లు వేసి, ఆకాశహర్మ్యాల సంగతి తర్వాత చూడాలి.

ప్రజలు ఒప్పుకోరన్న భయం పాలకులది. రెండు రూపాయల బియ్యాన్ని 1996లో మూడున్నర చేసింది చంద్రబాబు గారే. 1997లో మద్యనిషేధం సడలించిందీ ఆయనే. 1999లో జనం మళ్లీ గెలిపించారు.

బ్రాడీపేట మాస్టారు

2004లో ఏమైందో కూడా రాయండి. కరెంటు బకాయిలతో, కరువుతో రైతు కుంగిపోయి ఉన్నాడు. వైఎస్ గారు ఉచిత విద్యుత్ మీద మొదటి సంతకం పెట్టే పరిస్థితి దేనివల్ల వచ్చింది? పొదుపు పేరుతో గ్రామాన్ని వదిలేసినందువల్లే కదా.

కంకర గుట్ట, గుంటూరు

నేను చిన్న కాంట్రాక్టర్‌ని. సిద్ధాంతాలు మీరు మాట్లాడుకోండి, పని ఎలా జరుగుతుందో నేను చెప్తాను.

డ్రైను పని పూర్తయ్యాక ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారు టేపు పెట్టి కొలతలు తీసి ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో, ఎక్కిస్తారు. ఆయన పై ఇంజినీరు డీఈ గారు ఆ కొలతలు మళ్లీ సరిచూస్తారు. క్వాలిటీ రిపోర్టు వచ్చాక బిల్లు ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ సీఎఫ్ఎంఎస్‌లోకి ఎక్కుతుంది. ఆ తర్వాత మన చేతిలో ఏమీ లేదు, పెండింగ్ అనే మాట చూస్తూ కూర్చోవడమే. మేస్త్రీలు, కూలీలకు వారం వారం బట్వాడా ఆపలేం. సిమెంటు కొట్టాయన మొదట్లో మర్యాదగా అడుగుతాడు, తర్వాత ఇంటికే వస్తాడు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఇస్తాం.

ఇక తర్వాతి టెండరుకి ఆ వడ్డీ కూడా కలిపి రేటు వేస్తాం, లేదా అసలు వెయ్యం. నలుగురు పోటీపడాల్సిన చోట ఒక్కడే వేస్తాడు. అప్పుడు ఎవరి డబ్బు పోయినట్టు? బాకీ పెట్టి ప్రభుత్వం మిగుల్చుకున్నది ఏమీ లేదు మాస్టారూ. గుంటూరులో భూగర్భ డ్రైనేజీకి తవ్వి వదిలేసిన రోడ్ల మీద మీరూ బండి నడిపే ఉంటారు.

సింగ్‌నగర్ కోడలు, విజయవాడ

నేను బీసెంట్ రోడ్డులో బట్టల షాపులో చేస్తాను. ఫ్రీ బస్సు వచ్చాక ఛార్జీల డబ్బు మిగిలి మా పాప ట్యూషన్ ఫీజుకి సరిపోతోంది. ఇది దుబారా అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. ఆదాయం ఉన్నవాళ్లకు ఎందుకు అంటారు. నిండు బస్సులో జీరో టికెట్లు కొడుతున్న కండక్టరు ఎవరి ఆదాయమని అడుగుతాడండీ?

కానీ పౌరుడు గారు వరద కాలువ మాట ఎత్తారే, అది నాకు బాగా తగిలింది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు మా ఇంట్లోకి వచ్చింది. కిటికీ చువ్వల దాకా నీళ్లు. ఫ్రిజ్ తలకిందులై తేలింది, బియ్యం డ్రమ్ములోకి డ్రైనేజీ నీళ్లు పోయాయి. నీళ్లు తీశాక బురద పారతో ఎత్తాం, పాప పుస్తకాలన్నీ ముద్దయిపోయాయి. ప్రభుత్వం పాతిక వేలు ఇచ్చింది, మంచిదే. మా నష్టంలో అది ఏ మూలకి? 2005లోనూ ఇలాగే మునిగిందని మా అత్తయ్య చెప్తారు. అప్పటి నుంచి ఆ కాలువ సంగతి ఎవరు పట్టించుకున్నారు?

పటమట పౌరుడు

అమ్మా, నేను చెప్పాలనుకున్నది మీరే చెప్పారు. బుడమేరు వరదను మళ్లించే డైవర్షన్ ఛానెల్ వెడల్పు పనులు 2024 నాటికీ పూర్తి కాలేదు. మధ్యలో అన్ని పార్టీలూ పాలించాయి. కట్ట బలంగా ఉంటే ఓటు రాదు, ఖాతాలో డబ్బు పడితే వస్తుందనే లెక్కే ఇందుకు కారణం. గండి పడ్డాక సైన్యాన్ని పిలిచి, ఇంటింటికీ పరిహారం ఇచ్చి పెట్టిన ఖర్చుతో పోలిస్తే పూడిక తీయడం, కట్ట ఎత్తు పెంచడం ఎంత? మీ బస్సు ఆపమని నేను అడగను. మొదలైనదాన్ని తీసేస్తే మీలాంటివాళ్లు నమ్మి వేసుకున్న లెక్కలు తప్పుతాయి. కొత్తది మొదలుపెట్టే ముందు కాలువకు, ఆసుపత్రికి, కంకర గుట్ట గారికి ఇవ్వాల్సింది ఇవ్వాలి, అంతే.

ప్రభుత్వం మారితే బిల్లులు ఆగిపోవడం ఇంకో జబ్బు. 2019లో ఉపాధి హామీ బిల్లులు అలాగే ఆగాయి. 2021లో హైకోర్టు వడ్డీతో సహా కట్టమంది. ఆ వడ్డీ మన పన్నుల్లోంచే. అందుకే బిల్లులు వచ్చిన తేదీ వరసలోనే చెల్లించాలని, ఆ జాబితా అందరికీ కనపడేలా పెట్టాలని చట్టం చెయ్యాలి. మాస్టారూ, దీనికైనా మీరు ఒప్పుకుంటారా?

బ్రాడీపేట మాస్టారు

జాబితా బయటపెట్టాలన్నదానికి ఒప్పుకుంటాను. తేదీ వరస అంటే మాత్రం ఆలోచించాలి. ముందు వరసలో పెద్ద కంపెనీ బిల్లు ఒక్కటి ఉంటే ఆ నెల డబ్బంతా దానికే పోతుంది. హాస్టల్ పిల్లలకు కూరగాయలు వేసేవాడు, మధ్యాహ్న భోజనం వండే ఆయాలు వెనకే ఉండిపోతారు. ఇక కొత్త పథకాలు ఆపాలన్నదానికి నేను ఇప్పటికీ ఒప్పుకోను. పేద తల్లులకు డబ్బు చేతికి రాకపోతే పిల్లవాణ్ణి మిర్చి కోతలకు తీసుకుపోతారు.

కంకర గుట్ట

మాస్టారు చెప్పింది నిజం, రెండు వరసలు పెట్టండి. ఐదు లక్షల లోపు బిల్లులకు ఒకటి, పైవాటికి ఒకటి. చిన్నవాటికి ప్రతి నెలా ఇంత అని విడిగా తీసి పెట్టాలి, అది వేరే దేనికీ మళ్లించకూడదు. నా బిల్లు వరసలో ఎన్నోదో తెలిస్తే చాలు, సిమెంటు కొట్టాయనకి ఫలానా నెలలో ఇస్తానని ధైర్యంగా చెప్పగలను.