సాంచాలు (మరమగ్గాలు) ఆగిన ఊళ్లో పాత పొదుపు సంఘాన్ని నిలబెట్టడం ఎలా?
(‘లెక్కల పుస్తకం’, ‘జమానతు’ అన్నవి సలహా ఇచ్చినవాళ్ల మారుపేర్లు.)

సంఘం కార్యదర్శి:
మాది సిరిసిల్లలో పాతికేళ్లు దాటిన పొదుపు సంఘం. 1995 పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరైంది. 420 మంది సభ్యుల్లో ఎక్కువ మంది ఆసాములు (కొద్దిపాటి సొంత సాంచాలున్నవాళ్లు), సాంచాల కార్మికులే. పొదుపు 1.48 కోట్లు, వాటాధనం, రిజర్వు కలిపి 12 లక్షలు. సభ్యులకిచ్చిన అప్పుల్లో 1.38 కోట్లు ఉంది, ఒకే బ్యాంకులో ఫిక్స్‌డ్ 22 లక్షలు. 2017లో మొదలైన ప్రభుత్వ బతుకమ్మ చీరల ఆర్డర్లు ఆగాక వసూళ్లు 60 శాతానికి పడ్డాయి. నెలకు 3 లక్షల దాకా పొదుపు వెనక్కి అడుగుతున్నారు. కొత్త అప్పులు పూర్తిగా ఆపేద్దామని పాలకవర్గంలో సగం మంది అంటున్నారు. ఈ ఏడాది సభ్యులకు బోనస్ (మిగులులో వాటా) పంచాలా అన్నదీ తేలలేదు.

లెక్కల పుస్తకం:
అప్పులు పూర్తిగా ఆపకండి. పొదుపు సంఘంలో సభ్యుడు వాయిదా కట్టేది మళ్లీ అప్పు పుడుతుందన్న నమ్మకంతోనే. ఆ తలుపు మూస్తే కట్టగలిగినవాళ్లు కూడా ఆగుతారు, 60 శాతం వసూలు ఇంకా దిగుతుంది.

ఆపడానికి బదులు నెలనెలా పరిమితి పెట్టండి. మీరు చెప్పని అంకెలు ఊహించి లెక్క వేస్తాను. నెలకు రావాల్సిన అసలు 5.50 లక్షలు, ఏడాదికి 12 శాతం చొప్పున నెల వడ్డీ 1.38 లక్షలు, మొత్తం 6.88. అందులో 60 శాతం అంటే 4.13 లక్షలు. నెల పొదుపు తలా 200 అయితే 84 వేలు, అదీ 60 శాతమే వస్తే 50 వేలు. వచ్చేది 4.63 లక్షలు. వాపసులు 3 లక్షలు, జీతం, అద్దె 40 వేలు పోతే మిగిలేది 1.23 లక్షలు. వచ్చే నెల కొత్త అప్పులు ఆ లోపే. ఒక్కొక్కరికి 10 వేలు మించకుండా, వైద్యం, బడి ఫీజు, సాంచె మరమ్మతులకే ఇవ్వండి. రావాల్సిన వసూలును నమ్ముకుని అప్పు మంజూరు చేయవద్దు. కిందటి నెల చేతికొచ్చిన డబ్బే కొలత.

వాపసు అడిగినవాళ్లకు బైలాలో (సంఘం నియమావళిలో) ఎంత గడువు ఉంటే అంత గడువులో, దరఖాస్తు వరుసలోనే ఇవ్వండి. డైరెక్టర్ల బంధువులకు ఒక్కరికి వరుస తప్పి ఇచ్చినా సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది, మర్నాడు క్యూ కడతారు.

జమానతు:
బకాయిలను రెండుగా విడదీయండి. సాంచె ఆగి కట్టలేనివాళ్లు ఒక జాబితా, పని ఉండీ కట్టనివాళ్లు ఇంకో జాబితా. మొదటివాళ్లకు 6 నెలలు వడ్డీ మాత్రమే తీసుకుని, అసలు వాయిదాలు ముందుకు జరపవచ్చు. అయితే జమానతుదారుల (అప్పుకు హామీ ఉన్నవాళ్ల) సంతకం మళ్లీ తీసుకోవడం మరవద్దు. వాళ్ల ఒప్పుకోలు లేకుండా అప్పుదారుకు గడువు పెంచుతూ ఒప్పందం చేసుకుంటే, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 135 ప్రకారం జమానతుదారు బాధ్యత నుంచి బయటపడతాడు. చాలా సంఘాలు దెబ్బతినేది ఇక్కడే.

ప్రోనోట్ల తేదీలూ చూడండి. 3 ఏళ్లు దాటితే కోర్టులో చెల్లవు. గడువు లోపలే అప్పు ఒప్పుకుంటున్నట్టు రాయించి సంతకం తీసుకుంటే ఆ రోజు నుంచి మళ్లీ 3 ఏళ్లు.

కొత్త అప్పు రాసి పాత బకాయి తీర్చినట్టు చూపించడం మాత్రం ఎవరు బతిమాలినా వద్దు. పుస్తకంలో బకాయి మాయమవుతుంది, డబ్బు రాదు. ఏడాది తర్వాత అదే బకాయి ఇంకా పెద్దదై కనిపిస్తుంది.

లెక్కల పుస్తకం:
బోనస్ సంగతి. చేతికి రాని వడ్డీని ఆదాయంగా రాస్తే కాగితం మీద మిగులు కనిపిస్తుంది. దాన్ని పంచితే నిజానికి పంచేది సభ్యుల పొదుపే. 90 రోజులు దాటిన బకాయిల వడ్డీని తీసేసి మిగులు లెక్కగట్టండి. మీ 12 లక్షలు 1.38 కోట్ల అప్పుల్లో 8.7 శాతమే. అంతకు మించి మునిగితే పొదుపుకే చిల్లు. కాబట్టి ఈసారి మిగులంతా లోటు భర్తీ నిధికి వేయమని మహాసభలో తీర్మానం పెట్టండి. ఆ సభలోనే డైరెక్టర్ల అప్పులు, బకాయిలు పేర్లతో చదవండి.

సంఘం కార్యదర్శి:
చాలా ఉపయోగం అండి. ఫిక్స్‌డ్ 22 లక్షలు ఇప్పుడే తీయాలా?

జమానతు:
అంతా ఒకేసారి తీయకండి, ముందస్తుగా రద్దు చేస్తే వడ్డీ తగ్గుతుంది. అయితే ఒకే బ్యాంకులో ఉంచడం మంచిది కాదు. డిపాజిట్ బీమా ఒక బ్యాంకులో ఒక ఖాతాదారుకు అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే, 2020 ఫిబ్రవరి నుంచి. మీ సభ్యుల పొదుపుకైతే ఆ బీమా అసలే లేదు, ఆ సంగతి సభ్యులకు దాచకుండా చెప్పాలి. గడువు తీరిన రసీదులను 4 లక్షల చొప్పున వేర్వేరు బ్యాంకుల్లో, 3, 6, 9 నెలల గడువులతో వేయండి. అప్పుడు మూడు నెలలకోసారి ఒక రసీదు చేతికొస్తుంది. ఓ 2 లక్షలు సేవింగ్స్ ఖాతాలోనే ఉండనివ్వండి, వాపసుకు వచ్చినవాళ్లను రేపు రమ్మనాల్సిన అవసరం పడదు.