డాబా మీద సోలార్: గోదావరి జిల్లాల్లో ఎవరికి గిట్టుద్ది?

పాలకొల్లు_డాబా: నెలకు 400 యూనిట్లు కాలే ఇంటికి 3 కిలోవాట్లు పెడితే ఎన్నేళ్లకు పెట్టుబడి తిరిగొస్తదండి?

మీటర్_రీడింగ్: శ్లాబు చూసుకోండి. 31–75 మధ్య యూనిట్ 3 రూపాయలు, 225 దాటాక 8.75. 400 యూనిట్లకు ఎనర్జీ ఛార్జీ దగ్గర దగ్గర 2,550. 3 కిలోవాట్లకు నెలకు 330 వచ్చాయనుకుందాం, మిగిలిన 70కి 177. అంటే నెలకు 2,370 మిగులు. కొటేషన్‌లో కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ 78,000 తీసేసి దీంతో భాగించండి, ఎన్ని నెలలో తేలుద్ది. 75 యూనిట్ల ఇంటికి మొత్తం ఛార్జీయే 192. వాళ్లు సోలార్ జోలికి రాకపోవడం సబబే.

అమలాపురం_తోట: ముందు మీటర్ ఎవరి పేరున ఉందో చూడండి. ఉమ్మడి ఇళ్లల్లో తాతగారి పేరే ఉండిపోద్ది. బిల్లు, దరఖాస్తు, బ్యాంకు ఖాతా పేర్లు కలవకపోతే సబ్సిడీ ఆగుద్ది. పేరు మార్పించాకే దరఖాస్తుకి సబ్సిడీ పోర్టల్‌కి వెళ్లండి. అన్నదమ్ముల వాటాలు తేలని డాబా అయితే ఇక అంతే. కొబ్బరి మట్ట నీడ ఒక్క ప్యానెల్ మీద పడ్డా ఆ వరుసంతా దిగుబడి తగ్గుద్ది. దక్షిణాన చెట్లుంటే డిసెంబరులో చూడాలి, మధ్యాహ్నపు నీడ పొడుగయ్యేది అప్పుడే.

భీమవరం_ఏరేటర్: చేపలు, రొయ్యల చెరువుల లెక్క వేరండి. ఆక్సిజన్ పడిపోయేది తెల్లారుజామున, ప్యానెల్ పనిచేసేది పగలు. నీళ్లకి గాలి పట్టించే 2 హెచ్‌పీ ఏరేటర్లు నాలుగు 8 గంటలు తిరిగితే 48 యూనిట్లు. అంత బ్యాటరీ ఎవరు పెడతారు? రాయితీ ఉన్నోళ్లకి కరెంటు యూనిట్ రూపాయిన్నరే. పైగా కౌలు రెండు మూడేళ్లు, ప్యానెల్ పాతికేళ్లు. కౌలుదారు పెట్టడు. బిల్లు కట్టేది తను కాదు కాబట్టి చెరువు యజమానీ పెట్టడు.

పాలకొల్లు_డాబా: మరి ఉప్పుగాలికి ప్యానెళ్లు నిలబెట్టే ఇనుప స్ట్రక్చర్ ఆగుద్దాండి?

మీటర్_రీడింగ్: హాట్ డిప్ గాల్వనైజింగ్, అంటే కరిగిన జింకులో ముంచి వేసే పూత, 80 మైక్రాన్లు అని కొటేషన్‌లో రాయించండి. వెండిరంగు పెయింట్ కొట్టి అదే ఇదంటారు, నమ్మొద్దు. డాబా మీద కోసి వెల్డింగ్ చేస్తే పూత పోయి తుప్పు అక్కడే మొదలు. బోల్టుల బిగింపే మేలు, అవీ ఎస్‌ఎస్ 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి. కింద బట్టలారేసుకోవచ్చని 8 అడుగులు లేపితే తుఫాను గాలికి తెరచాపే. ఎర్త్ గుంతలు మూడు: ప్యానెళ్ల వైపు డీసీకి, ఇంటి వైపు ఏసీకి, పిడుగు కడ్డీకి. సబ్సిడీకి డీసీఆర్ ప్యానెళ్లే, అంటే సెల్స్‌తో సహా మన దేశంలో తయారైనవే పెట్టాలి.

అమలాపురం_తోట: ఇంకోటండి. కరెంటు పోతే బ్యాటరీ లేకుండా లైనుకే కలిపే మామూలు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ కూడా ఆగిపోద్ది, లైన్ మీద పనిచేసేవాళ్లకి షాక్ కొట్టకుండా. తుఫాను మర్నాడు ఎండ కాస్తున్నా ఫ్యాన్ తిరగదు. తిరగాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ. అప్పుడు పై లెక్కంతా మళ్లీ వేసుకోవాలి.