ఈఎస్‌పీ32 బోర్డుకు అడాప్టర్ ఉండగానే ల్యాప్‌టాప్ తగిలించవచ్చా?

మిర్చి గోదాం (గుంటూరు): మిరప టిక్కీలు (బస్తాలు) దాచే కోల్డ్ స్టోరేజీలో ఉష్ణోగ్రత నమోదుకు ఈఎస్‌పీ32 డెవ్‌కిట్ (వైఫై ఉన్న చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు) బిగించాను. 5 వోల్టుల అడాప్టర్ నుంచి 5వి పిన్నుకు కరెంటు ఇస్తున్నాను. దాని మీదే ఒక రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) కూడా నడుస్తోంది. అడాప్టర్ తీయకుండా యూఎస్‌బీతో ల్యాప్‌టాప్ కలిపి రీడింగులు చూడవచ్చా? తీస్తే నమోదు ఆగిపోతుంది.

బ్రాడీపేట మాస్టారు: వద్దు. ఈఎస్‌పీ32 తయారుచేసే ఎస్‌ప్రెసిఫ్ సంస్థే తన డెవ్‌కిట్ పత్రాల్లో రాసింది: యూఎస్‌బీ, 5వి పిన్ను, 3.3వి పిన్ను, వీటిలో ఒక్కదాని నుంచే కరెంటు ఇవ్వాలి, లేకపోతే బోర్డో, కరెంటు ఇచ్చే పరికరమో పాడవుతుంది అని. ఇంకా చర్చ దేనికి?

టంకం (విజయవాడ): అదే సంస్థ గీసిన సర్క్యూట్‌లో యూఎస్‌బీకీ 5వి పిన్నుకూ మధ్య షాట్కీ డయోడ్ (కరెంటును ఒక వైపుకే పోనిచ్చే భాగం) ఉంది మాస్టారూ. అడాప్టర్ కరెంటు ల్యాప్‌టాప్‌లోకి ఎదురెక్కదు.

బ్రాడీపేట మాస్టారు: నకలు బోర్డుల్లోనూ ఉంటుందని మీరు పూచీ పడతారా?

టంకం: పూచీ ఎందుకు, మల్టీమీటరు ఉంది కదా! అన్ని తీగలూ ఊడదీసి, మీటరును డయోడ్ గుర్తు మీద పెట్టి, యూఎస్‌బీ 5 వోల్టుల కొసకు ఎర్ర తీగ, 5వి పిన్నుకు నల్ల తీగ ఆనించండి. 0.2 ప్రాంతంలో చూపిస్తే డయోడ్ ఉన్నట్టు. తీగలు అటూ ఇటూ మార్చినా బీప్ వస్తే లేనట్టు.

కృష్ణలంక: వైఫై మీద చూసుకోండి, తీగల గొడవే ఉండదు.

మిర్చి గోదాం: మందపాటి ఇన్సులేషన్ గోడలండీ, లోపలికి సిగ్నల్ రాదు.

పాత రేడియో: అడాప్టర్ వైపు ఒక 1ఎన్4007 (మామూలు డయోడ్) వేసేయండి, సరిపోతుంది.

టంకం: సరిపోదు. అది 0.7 వోల్టులకు పైగా తినేస్తుంది, మిగిలేది 4.3. చాలా బోర్డుల మీద ఉండే ఏఎంఎస్1117 రెగ్యులేటర్ (5 వోల్టులను 3.3కు దించే భాగం) 3.3 ఇవ్వాలంటే పూర్తి లోడు మీద దాదాపు 4.4 కావాలి. వైఫై ఒక్కసారి గుంజిందంటే బోర్డు రీసెట్ అవుతుంది. 1ఎన్5819 షాట్కీ డయోడ్ వేయండి, 0.4తో పోతుంది.

బ్రాడీపేట మాస్టారు: ఇందాక 0.2 అన్నారు, ఇప్పుడు 0.4. ఏది నిజం?

టంకం: మీటరు పంపేది మిల్లీ ఆంపియర్ లెక్కలో. లోడు పెరిగితే ఆ అంకె పెరుగుతుంది. మీకు తెలియనిదా?

బ్రాడీపేట మాస్టారు: తెలుసు. అడిగిన వారికి తెలియాలి కదా.

గాంధీనగర్: సీరియల్ మానిటర్ (ల్యాప్‌టాప్‌లో రీడింగులు చూపే కిటికీ) తెరవగానే కొన్ని బోర్డులు రీసెట్ అవుతాయి. అదీ చూసుకోండి.

టంకం: మాస్టారూ, మీలాంటి వారి ల్యాబులోనే నేను చదివాను. డయోడ్ లేని బోర్డు ఇచ్చారు. ల్యాప్‌టాప్ పోర్టు పోతే నా కాషన్ డిపాజిట్‌లో కోశారు. "రెండు తీగలు పెట్టవద్దన్నాను కదా" అన్నారే తప్ప, ఎందుకు పెట్టకూడదో ఆ ఏడాదంతా ఎవరూ చెప్పలేదు.

బ్రాడీపేట మాస్టారు: స్టాకు రిజిస్టరులో సంతకం నాది. పోర్టు పోతే సంజాయిషీ ఇచ్చేది నేను. ముప్పై మందికి ఒక్కొక్క బోర్డూ మీటరుతో చూపించే సమయం ఎవరిస్తారు? సరే, కారణం కావాలన్నారు కాబట్టి చెబుతున్నాను. ఆ డయోడ్ ల్యాప్‌టాప్‌ను అడాప్టర్ నుంచి కాపాడుతుంది, అంతవరకే. ఊళ్లో కరెంటు పోయిందనుకోండి. అప్పుడు బోర్డుతో పాటు రిలేనూ ల్యాప్‌టాపే మోయాలి, చచ్చిపడి ఉన్న అడాప్టర్‌లోకి కూడా దాని కరెంటే పోతుంది. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు. దీని గురించి మీరు ఒక్క మాట అనలేదు.

టంకం: అడాప్టర్ వైపు 5819 వేయమన్నది అందుకే. రిలేకు కరెంటు ఆ డయోడ్‌కు ముందే, అడాప్టర్ నుంచి నేరుగా తీసుకోవాలి. గ్రౌండ్ మాత్రం అన్నిటికీ ఒక్కటే. రాస్ప్‌బెర్రీ పై పికో అనే వేరే బోర్డు పత్రంలోనూ రెండో షాట్కీ డయోడ్ సలహా ఉంది. అంటే రెండు తీగలు పెట్టవచ్చనే కదా?

బ్రాడీపేట మాస్టారు: పికోలో పెట్టవచ్చు. ఆయన దగ్గర ఉన్నది పికో కాదు.

మిర్చి గోదాం: అయ్యా, డయోడ్ మీద గీత ఎటు ఉండాలి?

టంకం: బోర్డు వైపు.

బ్రాడీపేట మాస్టారు: బిగించాక, లోడు మీద డయోడ్‌కు రెండు వైపులా వోల్టేజి కొలిచి ఇక్కడ రాయండి. 0.4 అన్నారు కదా, చూద్దాం.