సమస్య: రెండు పళ్ళూడినందుకే బండి నడచె

నిర్వాహకుడు: ఈ వారం సమస్య తేటగీతి పాదం. రెండు–బండి ప్రాసయతి (యతి స్థానంలో మొదటి అక్షరానికి బదులు రెండో అక్షరం కలవడం). పూరణ పాత పెట్రోలు కారు క్రాంక్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సరు మీదే ఉండాలి. క్రాంక్‌షాఫ్ట్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు; దానితో తిరిగే చక్రం పళ్ళను చదివి, అది ఎక్కడుందో ఇంజిను కంప్యూటరుకు చెప్పేది ఈ సెన్సరు. సెన్సరు, సిగ్నలు వంటి మాటలను ఉకారాంతం చేసి వాడుకోవచ్చు. పద్యం కింద పని కూడా చెప్పండి: ఏం కొలవాలి, ఎంత రావాలి. ఫోర్డ్ వాళ్ళ 36 పళ్ళ చక్రంలో ఒక్క పన్నే తక్కువ కాబట్టి దాన్ని పక్కన పెట్టి, 60 పళ్ళకు రెండు తక్కువైన చక్రాన్నే తీసుకోండి.

విజయవాడ ఆటోనగర్ నుంచి:

అరువదింటికి రెండు లేనట్టి చోట
నెరిగి కంప్యూట రదియె పైనెక్కు వేళ
యనుచు నిప్పురవ్వను వేయు నదను జూచి
రెండు పళ్ళూడినందుకే బండి నడచె

స్టార్టరు తిరుగుతూ ఇంజిను అందుకోకపోతే ముందు ఆర్‌పీఎం ముల్లు చూడండి. చాలా బండ్లలో సెన్సరు పోతే అది సున్నా దగ్గరే ఉండిపోతుంది.

నిర్వాహకుడు: ధార బాగుంది. లేని+అట్టి కనుక మొదటి పాదంలో అ–అ స్వరయతి సరిపోయింది. రెండో పాదంలో విషయం మాత్రం కొంచెం పక్కకు పోయింది. ఖాళీ వచ్చిన క్షణమే పిస్టను పైకొచ్చిన క్షణం కాదు. పన్నుకు 6 డిగ్రీలు. ఖాళీ దాటాక కంప్యూటరు కొన్ని పళ్ళు లెక్కపెట్టి పై స్థానాన్ని పోల్చుకుంటుంది. మాన్యువల్లో 14 పళ్ళు అని రాసి ఉంటే 84 డిగ్రీలన్నమాట. ఈ సంఖ్య బండిని బట్టి మారుతుంది. ఇంకొకటి, నిప్పురవ్వ ఒక్కటే కాదు, పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు కూడా ఈ సిగ్నలు మీదే నడుస్తుంది. రెండూ ఒకేసారి ఆగిపోతే సెన్సరును అనుమానించాలి. స్పార్కు ఉండి పెట్రోలు రాకపోయినా, పెట్రోలు వచ్చి స్పార్కు లేకపోయినా వెతకాల్సిన చోటు వేరు. ఇమ్మొబిలైజరు (సరైన తాళం కాకపోతే ఇంజినును అందుకోనివ్వని ఏర్పాటు) దీపం వెలుగుతోందేమో అన్నిటికంటే ముందు చూడాలి.

రాజమండ్రి నుంచి:

ఇనుప రజనంటి లెక్క తానెరుగదయ్యె
తుడిచి వేసిన మీదట దొరికె ఖాళి
తాళమును త్రిప్ప సిగ్నలు తరలివచ్చె
రెండు పళ్ళూడినందుకే బండి నడచె

నిర్వాహకుడు: రజను దేనికి అంటింది? చదివేవాళ్ళు చక్రానికనుకుంటారు. రెండు తీగల సెన్సరులో అయస్కాంతం సెన్సరులోనే ఉంటుంది, కాబట్టి రజను చేరేది దాని ముక్కు మీద. మొదటి పాదం ఇలా మారిస్తే ఆ మాట కూడా వస్తుంది: “ముక్కునను రజనంటగా లెక్క తప్పె”. ముక్కు–లెక్క ప్రాసయతి.

రాజమండ్రి నుంచి: మీ సవరణకు ధన్యవాదాలండీ, అదే ఉంచుతాను. సెన్సరు ఒక్క బోల్టుతో ఉంటుంది, చాలా బండ్లలో 10 నంబరు స్పానరు చాలు. పొడిగుడ్డతో తుడిచి, ఓ-రింగు (దాని చుట్టూ ఉండే రబ్బరు వలయం) గట్టిపడి ఉంటే కొత్తది వెయ్యాలి. ముక్కుకూ పంటికీ మధ్య ఎడం సాధారణంగా అర మిల్లీమీటరు నుంచి ఒకటిన్నర వరకు. కింద పల్చటి వాషరుంటే పారెయ్యకండి, ఆ ఎడం కోసమే పెట్టారు. ఎడం పెరిగితే స్టార్టరు మీద మెల్లగా తిరిగేటప్పుడు సిగ్నలు చాలదు.

డాలస్ నుంచి:

మీటరును పెట్టి సెన్సరు మాట వినుము
అలలు వరుసగా లేచుచు నాగె నొకట
ఆగు చోటనే లెక్కకు నాది కలదు
రెండు పళ్ళూడినందుకే బండి నడచె

వరంగల్ నుంచి: మొదటి పాదంలో మీ–మా యతి కుదరలేదేమో?

నిర్వాహకుడు: మీట–మాట ప్రాసయతి, దోషం లేదు. దోషమంతా మీటరులో ఉంది! ఖాళీని మల్టీమీటరు చూపలేదు, సగటు వోల్టులే చూపుతుంది. అల ఆగిన చోటు కనపడాలంటే స్కోపు (అలను గీతగా చూపే ఆసిలోస్కోపు) కావాలి. “స్కోపు తగిలించి సిగ్నలు రూపు గనుము” అంటే గణాలూ సరే, పనీ సరే. మూడో పాదం ఈ వారానికి నాకు బాగా నచ్చిన పాదం.

డాలస్ నుంచి: నిజమేనండీ. స్కోపు లేనివాళ్ళు మీటరును ఏసీ వోల్టుల్లో పెట్టి స్టార్టరు తిప్పితే అర వోల్టు, అంతకు పైన రావాలి. మీటరులో హెర్ట్జ్ (సెకనుకు ఎన్ని అలలో చూపే కొలత) ఉంటే ఇంకా మంచిది: నిమిషానికి 200 చుట్లు తిరిగితే 58 పళ్ళకు 193 దాకా చూపుతుంది. బ్యాటరీ నీరసంగా ఉంటే మంచి సెన్సరు కూడా తక్కువే చూపుతుంది, అందుకని తిప్పేటప్పుడు బ్యాటరీ 9.6 వోల్టుల కిందికి జారకూడదు. మూడు తీగలుంటే అది హాల్ సెన్సరు (బయటి నుంచి కరెంటు అందుకుని పనిచేసే రకం) కావచ్చు. హాల్ సెన్సరుకు ఓమ్ మీటరు పెట్టొద్దు, పాడైపోవచ్చు. దాని సరఫరా 5 వోల్టులో 12 వోల్టులో, ఎర్త్ సరిగా ఉందో లేదో చూసి, క్రాంక్ పుల్లీ బోల్టును స్పానరుతో మెల్లగా తిప్పుతూ సిగ్నలు తీగ మీద వోల్టు లేచి పడుతోందా అని గమనించాలి.

వరంగల్ నుంచి:

చక్ర మరిగెనంచేల సంశయము నీకు
వేడి యెక్కినంతనె తీగ వీగె గాని
మార్చు సెన్సరు, పళ్ళను మార్చవలదు
రెండు పళ్ళూడినందుకే బండి నడచె

నిర్వాహకుడు: చ–శ యతి, వే–వీ యతి రెండూ శుద్ధం. ఖాళీ చూసి చక్రం విరిగిందనుకునే వాళ్ళకు ఇది సూటి జవాబు. “నడచె” భూతకాలం కాబట్టి ఎప్పటిదాకా అన్న మాట పడాలి. మూడో పాదం “మార్చు సెన్సరు, నిన్నటి మట్టుకైన” అంటే నాలుగో పాదం దానికి అతుకుతుంది. వేడి సంగతి విప్పి చెప్పండి.

వరంగల్ నుంచి: ఇంజిను వేడెక్కాక ఆగిపోయి, అరగంట చల్లారాక మళ్ళీ అందుకుంటే లోపలి చుట్టలో తీగ సన్నగా తెగి ఉండొచ్చు. వేడికి చీలిక విడిపోతుంది, చల్లారితే కలుస్తుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. సెన్సరు తీగల ప్లగ్గు ఊడదీసి సెన్సరు వైపు రెండు పిన్నుల మధ్య ఓములు చూడండి. చాలా సెన్సర్లు కొన్ని వందల నుంచి వెయ్యిన్నర లోపు చూపుతాయి, మీ బండి మాన్యువల్లో ఉన్న అంకే ప్రమాణం. తర్వాత మీటరు తియ్యకుండా హెయిర్ డ్రయ్యరుతో కాచండి. 25 డిగ్రీల దగ్గర 900 ఉన్నది 100 డిగ్రీలకు 1160 దాకా పెరగడం రాగి గుణమే, దాన్ని లోపమనుకొని సెన్సరు మార్చకండి. అంకె గెంతులు వేసినా, ఓఎల్ (తీగ తెగిందని గుర్తు) అని చూపినా అప్పుడు మార్చాలి. ఏ పిన్నుకూ బాడీకీ మధ్య కలయిక ఉండకూడదు.

విజయవాడ ఆటోనగర్ నుంచి: పి0335 (క్రాంక్ సెన్సరు సర్క్యూట్ లోపం) కోడు పడి, వేడిలోనూ ఓములు నిలకడగా ఉంటే?

వరంగల్ నుంచి: అప్పుడు తీగలు చూడాలండీ. సైలెన్సరు గొట్టం పక్కగా పోయే చోట తొడుగు కాలి ఉంటుంది. సెన్సరు ప్లగ్గు నుంచి కంప్యూటరు ప్లగ్గు దాకా, రెండు వైపులా ఊడదీసి, ఒక్కో తీగ కొలిస్తే ఓము లోపు రావాలి. కొలుస్తూ తీగను వంచి, కదిపి చూడండి. అతుకు వేస్తే రెండు తీగలూ తారుమారు కాకూడదు. అల తలకిందులై టైమింగు చెడుతుంది. పైనున్న షీల్డు జాలీని ఒక వైపే ఎర్త్ చెయ్యాలి.