మూడేళ్ళు ఇంట్లోనే ఉన్నాను, దరఖాస్తులో ఏం రాయాలి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

అందరికీ నమస్కారం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదువుకుని పెరిగినదాన్ని. 2020లో బీకాం పూర్తయింది. విశాఖపట్నంలో ఒక బట్టల దుకాణంలో మొదట బిల్లింగ్, తర్వాత ఖాతాలు, మొత్తం రెండేళ్ళు చేశాను. అమ్మకు పక్షవాతం రావడంతో 2023లో వచ్చేశాను. ఇప్పుడు ఆమె కర్ర పట్టుకుని వీధి గుమ్మం దాకా నడుస్తోంది. "నా మంచం పక్కన ఎన్నాళ్ళు కూర్చుంటావు, వెళ్ళు" అని తనే తరుముతోంది.

వెళ్ళాలనే ఉంది. కానీ "ప్రస్తుతం ఏం చేస్తున్నారు" అన్న గడి దగ్గరికి రాగానే నా చేయి ఆగిపోతోంది. నాలుగు దరఖాస్తులు అక్కడిదాకా నింపి వదిలేశాను. తెలియని నంబరు నుంచి ఫోను వస్తే మోగి మోగి ఆగిపోయేదాకా చూస్తూ కూర్చుంటాను. చుట్టాలైతే సిఫారసు లేనిదే ఎవరూ లోపలికి రానివ్వరంటారు. ఒడిశాలో మమ్మల్ని తెలుగువాళ్ళంటారు, ఆటో ఎక్కి పాతపట్నం వెళ్తే ఒడిశావాళ్ళంటారు.

పోయిన వారం ఒక కన్సల్టెన్సీ నుంచి ఫోను. 12 వేలు కడితే మూడేళ్ళ అనుభవ పత్రం ఇస్తారట, ఖాళీ కనబడదట. దాచడం దేనికి, ఆ డబ్బు బీరువాలోంచి తీసి లెక్కపెట్టాను కూడా. పూర్తిగా ఖాళీగా ఉన్నానని కూడా కాదు, పక్కింటి మామయ్య ఎరువుల దుకాణం లెక్కలు, జీఎస్టీ నేనే చూస్తున్నాను. అది ఉద్యోగం కిందికి రాదు కదా. ఏం చేయమంటారు?

పద్దుల పెద్దాయన (రాయగడ):

ముందు ఆ 12 వేలు మళ్ళీ బీరువాలో పెట్టండమ్మా.

ఇనుప సామాను టోకు వ్యాపారంలో ఇరవై రెండేళ్ళు ఖాతాల గది చూశాను. గుమాస్తాలను చేర్చుకునే పని నాదే. ఒకసారి ఒక కుర్రాడు వచ్చాడు. బ్యాంకు స్టేట్‌మెంటుకూ మా పుస్తకానికీ తేడా ఎక్కడుందో చూడమంటే పది నిమిషాల్లో పట్టేశాడు. నాలుగేళ్ళ అనుభవమని పత్రం చూపించాడు. చేరే రోజున భవిష్య నిధి (పీఎఫ్) కోసం ఫారం 11 ఇచ్చి, పాత యూఏఎన్ నంబరు, అంటే ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు, రాయమన్నాను. ముఖం వాడిపోయింది. ఆ నంబరు తెరిస్తే ఏ సంస్థలో ఏ నెల నుంచి ఏ నెల దాకా చేశారో వరుసగా కనబడుతుంది. అతని ఖాతాలో మొదటి ఏడాది తప్ప మిగతా మూడేళ్ళూ లేవు. ఆ పత్రం లేకుండా వచ్చి ఉంటే కళ్ళకద్దుకుని తీసుకునేవాణ్ణి. ఆ సంగతి ఇప్పటికీ బాధే.

ఇక మీరు చివర్లో తోక తగిలించినట్టు చెప్పిన ఆ ఎరువుల దుకాణం సంగతి. అదేం మాటమ్మా, ఉద్యోగం కిందికి రాదా? యూరియా బస్తా మీద 5 శాతం, పురుగుమందు డబ్బా మీద 18 శాతం. ఒకే బిల్లులో రెండూ ఉంటే విడదీసి రాస్తున్నది ఎవరు? 11వ తేదీలోపు అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1, 20లోపు పన్ను కట్టే రిటర్ను 3బి పంపుతున్నది ఎవరు? సబ్సిడీ ఎరువు రైతు ఆధార్‌తో యంత్రం మీద అమ్మాలి కాబట్టి యంత్రంలోని నిల్వ, గోదాములోని బస్తాలు, పుస్తకంలోని అంకె మూడూ కలవాలి. అవి కలవని రోజు దుకాణాల్లో జరిగే గొడవ నాకు తెలుసు. మూడేళ్ళు కలిపారంటే మీరు పనిలోనే ఉన్నారు. ఆ గడిలో ఇలా రాయండి: "2023 నుంచి: ఎరువుల దుకాణానికి ఇంటి నుంచి ఖాతాలు, జీఎస్టీ రిటర్నులు, నిల్వల లెక్క." మామయ్య చేత దుకాణం ముద్ర వేయించి నాలుగు వాక్యాల ఉత్తరం తీసుకోండి. జీతం ఇవ్వకపోతే ఇచ్చినట్టు మాత్రం రాయించకండి.

సిఫారసు మాట పూర్తిగా అబద్ధమని చెప్పను. నేను తీసుకున్నవాళ్ళలో సగం మంది ఎవరో ఒకరు చెబితే వచ్చినవాళ్ళే. ఆ ఎవరో ఒకరు మంత్రులు కారు. మా ఆడిటరు దగ్గర పనిచేసే అబ్బాయి, "ఫలానా అమ్మాయి రిటర్నులు శుభ్రంగా పంపుతుంది సార్" అంటే నాకు చాలు. మీ మామయ్యకు ఆడిటరు ఉంటాడుగా. పని వెతుకుతున్నానని అతనికి చెప్పారా?

ఒక్క విషయానికి సిద్ధపడండి. కుర్చీలో కూర్చుని అడిగేవాడికీ భయం ఉంటుంది. ఈమె రెండు నెలలకే మానేస్తే మార్చి నెలాఖరుకు నా గతేమిటని. అమ్మగారిని పగలు ఎవరు చూసుకుంటారో ముందే తేల్చుకోండి. మాట రాగానే తడబడకుండా చెప్పండి.

బరంపురం కోడలు:

పెద్దాయన చెప్పినదంతా సరే. కానీ అమ్మగారి జబ్బు గురించి దరఖాస్తులో ఒక్క అక్షరం కూడా రాయకండి. అడిగితే ఒక్క వాక్యంలో చెప్పి పని మాటలోకి వచ్చేయండి. నాది ఆరేళ్ళ ఖాళీ, ఇద్దరు పిల్లలు. ఆ ఆరేళ్ళ గురించి పప్పు కలుపుతూ, బట్టలు ఆరేస్తూ నలభై నిమిషాల ఉపన్యాసం తయారు చేసుకుని వెళ్ళాను. వాళ్ళు దాని గురించి అడిగింది అర నిమిషం. తర్వాతంతా ఖాతాలు రాసే సాఫ్ట్‌వేర్ ట్యాలీ గురించే. నేను వదిలేసిన రోజుల్లో అసలు జీఎస్టీయే లేదు, 2017 జూలైలో వచ్చింది. అక్కడ తడబడ్డాను. మీకు ఆ ఇబ్బందీ లేదు.

ఫోను భయం నాకూ ఉండేది. ఒక కాగితం మీద పేరు, చదువు, ఏ పని వచ్చు, ఎప్పటి నుంచి రాగలను, ఈ నాలుగూ రాసి ఫోను పెట్టే చోట అంటించాను. వంట మధ్యలో మోగితే "పది నిమిషాల్లో నేనే చేస్తాను" అని చెప్పేదాన్ని. ఎవరూ తప్పుపట్టలేదు.

నేను చేసేది పట్టుచీరల టోకు దుకాణంలో. ఇక్కడి దుకాణాలతో ఒడియాలో, ఇచ్ఛాపురం, సోంపేట వాళ్ళతో తెలుగులో బాకీలు అడగాలి. నన్ను తీసుకున్నది అందుకేనని యజమాని తర్వాత చెప్పాడు. రెండు భాషలూ పైన, పేరు కిందే రాయండి.

సరిహద్దు బాటసారి (గుణుపురం):

ప్రభుత్వ ఉద్యోగాల మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతున్నాను. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమై గీత గీసినప్పటి నుంచి మనం ఎటూ కానివాళ్ళమనే మాట తాతల నుంచి వింటున్నాం. అందులో సగమే నిజం. ఆంధ్ర రాష్ట్ర ఉద్యోగాల్లో పెద్ద వాటా స్థానికులది. స్థానికతను ఎక్కువగా చదివిన చోటును బట్టే చూస్తారు కాబట్టి అక్కడ మనకు మిగిలేది కొద్దిగానే. ఒడిశా రాష్ట్ర ఉద్యోగాలకు కనీసం ఏడో తరగతి స్థాయి ఒడియా కావాలి. బడిలో చదివారు కాబట్టి మీకు దిగులు లేదు. రైల్వే పరీక్ష ప్రశ్నపత్రం తెలుగులోనూ ఒడియాలోనూ ఉంటుంది. బ్యాంకు గుమాస్తా పరీక్షకు ఏదో ఒక రాష్ట్రాన్ని ఎంచుకుని, అక్కడి భాష చదవడం, రాయడం, మాట్లాడడం వచ్చని చూపాలి. మీరు ఒడిశా ఎంచుకోవచ్చు, తెలుగు రాయడం వస్తే ఆంధ్ర కూడా ఎంచుకోవచ్చు. వయసు మాత్రం చూసుకోండి, దానికి గరిష్ఠంగా 28. ఓబీసీలకు 3, ఎస్సీ, ఎస్టీలకు 5 ఏళ్ళ సడలింపు ఉంది.

ఇంకో మాట. దుకాణానికి సవర గిరిజన రైతులు వస్తారు కదా, ఆ భాష నాలుగు ముక్కలు వచ్చినా రాయండి. గిడుగు రామమూర్తి గారు మీ ఊళ్ళోనే బడిపంతులుగా ఉంటూ సవర నేర్చుకున్నారు. ఊరు ఒడిశాలో కలిసిందని ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారనుకోండి, అది వేరే కథ.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

ఆలస్యానికి క్షమించాలి. వయసు 27, ఓబీసీ, కాబట్టి బ్యాంకు పరీక్షకూ కడుతున్నాను. సవర "ఎన్ని బస్తాలు", "డబ్బు రేపు" వరకే వచ్చు. అవి రాస్తే నవ్వుతారేమో.

మామయ్య ఉత్తరం ఇచ్చాడు. "మా అమ్మాయి చాలా మంచిది" అని మొదలుపెట్టాడు. ఆ వాక్యం తీసేయించడానికి గంట పట్టింది. ఆడిటరు గారి దగ్గర మాట వేశాను. మూడో రోజు తెలియని నంబరు మోగింది. బరంపురం అక్క చెప్పిన కాగితం గోడ మీద ఉంది, నేనేమో పెరట్లో ఉన్నాను. అయినా ఎత్తాను. టెక్కలిలో ఒక ధాన్యం మిల్లు, సోమవారం పదకొండింటికి రమ్మన్నారు. పగలు అమ్మ దగ్గర పిన్ని ఉంటానంది.

జీతం ఎంత అడగాలో కూడా చెప్పండి పెద్దాయనా.

పద్దుల పెద్దాయన (రాయగడ):

రానూపోనూ ఛార్జీలు, మధ్యాహ్నం భోజనం, పిన్నిగారికి ఇచ్చేది ఏమైనా ఉంటే అదీ నెలకు లెక్కవేయండి. అవి పోగా చేతిలో ఎంత మిగలాలో మీరు రాసుకున్నాక అంకె చెప్పండి, అప్పుడు మాట్లాడుకుందాం. కోతలప్పుడు మిల్లులో రాత్రి ఎనిమిదయినా వదలరు. ఆఖరి బస్సు ఎన్నింటికో ఈలోగా కనుక్కోండి.